బిల్డ్ టూల్‌లో ప్లగిన్‌కి ఎంత చోటివ్వాలి?

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ముందే ఒకటి చెప్పేస్తాను. బిల్డ్ టూల్ అంటే మనం రాసిన కోడ్‌ని కంపైల్ చేసి, అంటే మెషీన్ నడిపే రూపంలోకి మార్చి, టెస్ట్ చేసి, ప్యాకేజ్‌గా కట్టే ప్రోగ్రామ్. ప్లగిన్ అంటే దానికి తగిలించే అదనపు ముక్క. ప్లగిన్ ఎలా రాయాలి అన్నది ఇవాళ్టి విషయం కాదు. ప్లగిన్‌లు రాసేవాళ్ళకి మన టూల్‌లో చోటెక్కడ చూపించాలి, ఎంత చూపించాలి అన్నది విషయం. మీలో చాలామంది దగ్గర సొంతంగా కట్టుకున్న బిల్డ్ టూల్ ఒకటి ఉంటుంది. లేదంటే ఉన్న టూల్ మీదే ఒక పొర వేసుకుని ఉంటారు. ఒక్క టీమ్ వాడినంతకాలం ఏ గొడవా ఉండదు. రెండో టీమ్ వస్తుంది, "మాకు మధ్యలో ఇంకో స్టెప్ కావాలి" అంటుంది. మూడో టీమ్ వచ్చేసరికి కోడ్ నిండా "ఈ టీమ్ అయితే ఇలా" అనే ఇఫ్‌లే. అప్పుడు మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు, "ఎందుకీ బాధ, ప్లగిన్ సిస్టమ్ పెట్టేద్దాం" అని. అందరూ తలూపుతారు. ఎందుకంటే ఆ మాటతో పని మన నెత్తిమీద నుంచి వాళ్ళ నెత్తిమీదకి పోతుందనిపిస్తుంది కదా!

పోదు. ఎందుకు పోదో చూద్దాం.

ఎడిటర్‌కీ ప్లగిన్‌లున్నాయి, బ్రౌజర్‌కీ ఉన్నాయి. బిల్డ్ టూల్ ప్లగిన్‌కి ప్రత్యేకత ఏమిటి? బిల్డ్ టూల్ మనకి రెండు మాటలిస్తుంది. ఒకటి, ఇన్‌పుట్ మారకపోతే ఔట్‌పుట్ మారదు. రెండు, చేసిన పని మళ్ళీ చేయను. రెండో మాట మొదటి మాట మీదే నిలబడి ఉంది. ఇన్‌పుట్ అదే అయితే ఫలితం అదే అన్న నమ్మకం ఉంటేనే కదా, కాష్‌లోంచి, అంటే దాచిపెట్టుకున్న పాత ఫలితాల్లోంచి, తీసి చేతిలో పెట్టేది? ఎడిటర్ ప్లగిన్ తప్పు చేస్తే కళ్ళముందే కనిపిస్తుంది. బిల్డ్ ప్లగిన్ తప్పు చేస్తే బిల్డ్ పాసవుతుంది. పాసవడమే సమస్య. పాత ఫైల్ కొత్తదాని పేరుతో ప్యాకేజ్‌లోకి వెళ్ళిపోతుంది, ఎవరికీ తెలియదు.

ఒక చిన్న ప్లగిన్ తీసుకుందాం. మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసిందే. ప్రాజెక్ట్‌లో ఒక వెర్షన్ ఫైల్ తయారుచేస్తుంది. అందులో వెర్షన్ నంబర్, గిట్ కమిట్ (కోడ్ ఏ మార్పు దాకా ఉందో చెప్పే గుర్తు), బిల్డ్ అయిన టైం. ఇరవై లైన్ల ప్లగిన్. దీనివల్ల ఏమవుతుంది? టైం ప్రతిసారీ మారుతుంది, కాబట్టి వెర్షన్ ఫైల్ ప్రతిసారీ మారుతుంది. ఆ ఫైల్‌ని కంపైల్ చేయాలి, కాబట్టి ఆ మాడ్యూల్ మళ్ళీ కంపైల్. దాని మీద ఆధారపడ్డ మాడ్యూల్స్ మళ్ళీ కంపైల్. వాటి టెస్టులు మళ్ళీ రన్. ఒక్క అక్షరం కోడ్ మార్చలేదు, బిల్డ్ మొత్తం మొదటినుంచీ నడిచింది. పోనీ ఇది వద్దని ఆ ప్లగిన్ రాసినాయన "నేను ఔట్‌పుట్ ఉంటే మళ్ళీ చేయను" అని పెడతాడు. ఇప్పుడేమవుతుంది? కమిట్ మారినా పాత కమిట్ నంబరే ప్రొడక్షన్‌లోకి వెళ్తుంది. ఇదింకా ఘోరం.

తప్పెవరిది? ప్లగిన్ రాసినాయనదేనా? నేనైతే కాదంటాను. టైం అనేది ఒక ఇన్‌పుట్ అని చెప్పడానికి టూల్ అతనికి దారి చూపించలేదు. బేజెల్ అనే బిల్డ్ టూల్ ఈ ఒక్క విషయానికి ఏం చేసిందో చూడండి. బిల్డ్ గురించిన సమాచారాన్ని రెండు ఫైళ్ళుగా విడగొట్టింది. ఒకటి స్టేబుల్, అంటే నిలకడైనది, ఒకటి వోలటైల్, అంటే ఊరికే మారేది. స్టేబుల్ ఫైల్‌లో ఏది మారినా దాన్ని వాడే పనులు మళ్ళీ నడుస్తాయి. బిల్డ్ టైం లాంటివి వోలటైల్ ఫైల్‌లో ఉంటాయి. ఆ ఫైల్ మారినా బేజెల్ మారనట్టే నటిస్తుంది. ఇంకేదో కారణానికి ఆ పని నడిస్తే కొత్త టైం పడుతుంది, లేకపోతే లేదు. "మారుతుంది కానీ లెక్కలోకి తీసుకోకు" అని చెప్పడానికి ఒక చోటు. ఇలాంటి చోటు ముందే ఉంటే ప్లగిన్ రాసేవాళ్ళు దొంగదారి వెతుక్కోరు.

ఇక్కడే నా వాదన చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ప్లగిన్‌ని పని చేయనివ్వకండి. ఏ పని చేయాలో చెప్పమనండి. పని ఎప్పుడు చేయాలి, అసలు చేయాలా వద్దా, పక్కన ఇంకోటి నడుస్తుండగా చేయవచ్చా, ఇవన్నీ టూల్ చేతిలో ఉండాలి. ప్లగిన్ జవాబిస్తుంది, టూల్ ప్రశ్న వేస్తుంది. అటుదిటు అయిందా, ఆ తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే బిల్డ్ టూల్ రాశాడు. మేక్‌లో ప్లగిన్‌లున్నాయా? ఆ అవసరమే రాలేదు. కమాండ్‌లు నడిపే షెల్ ఉంది, ఏ ప్రోగ్రామ్‌నైనా పిలవచ్చు. లక్ష్యం, దానికి కావలసినవి, చేయాల్సిన కమాండ్, అంతే. ఒక రకంగా ఇది నేను చెప్పిన పద్ధతే. ఏది దేనిమీద ఆధారపడిందో నువ్వు చెప్పు, ఎప్పుడు నడపాలో నేను చూసుకుంటానంది. కాకపోతే మనం చెప్పింది నిజమో కాదో మేక్ చూడదు. కావలసినవాటి లిస్ట్‌లో హెడర్ ఫైల్ పేరొకటి రాయడం మర్చిపోతే అంతే సంగతులు.

తర్వాత జావా వాళ్ళకి యాంట్ అనే టూల్ వచ్చింది, అక్కడ టాస్క్, అంటే చేయాల్సిన ఒక పని, ఒక జావా క్లాస్, అందులో ఎగ్జిక్యూట్ అని ఒక మెథడ్. అందులో ఏం జరుగుతుందో యాంట్‌కి తెలియదు. పిలుస్తుంది, అయ్యేదాకా ఆగుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

జావా వాళ్ళ ఇంకో బిల్డ్ టూల్ మావెన్ దగ్గర కాసేపు ఆగాలి. మావెన్ ఏమందంటే, బిల్డ్ అంటే ఇన్ని దశలు, వాటి పేర్లివి, వరుస ఇది, నువ్వు ఏ దశలో కూర్చుంటావో చెప్పు అంది. కంపైల్ చేయడం కూడా అక్కడ ప్లగిన్ పనే, మావెన్ కోర్‌కి జావా కంపైల్ చేయడం రాదు. ఇది చాలా మంచి క్రమశిక్షణ. కొత్త ప్రాజెక్ట్‌లోకి వెళ్ళినా టెస్ట్ ఎక్కడ నడుస్తుందో వెతుక్కోనక్కర్లేదు. మరి చిక్కెక్కడ? రెండు దశల మధ్య నాకు చోటు కావాలంటే? మీరు డాక్యుమెంటేషన్ తెరిచి డిఫాల్ట్ లైఫ్‌సైకిల్‌లో, అంటే ఆ మామూలు వరుసలో, దశలు లెక్కపెట్టండి, 23 ఉంటాయి. ప్రాసెస్ సోర్సెస్, ప్రాసెస్ క్లాసెస్, ప్రీ ఇంటిగ్రేషన్ టెస్ట్... ప్యాకేజ్ ముందు కాస్త చోటు కావాలని ప్రిపేర్ ప్యాకేజ్ అనే దశని 2.1 వెర్షన్‌లో చేర్చారు. పేర్లు పెట్టుకుంటూ పోతే ఇంతే, ఎన్ని పెట్టినా ఎవరికో ఒకరికి ఇంకో గది కావాల్సి వస్తుంది. పైగా ఒకే దశలో రెండు ప్లగిన్‌లుంటే ఏది ముందు? ప్రాజెక్ట్ వివరాలుండే పీఓఎం ఫైల్‌లో ఏది ముందు రాస్తే అది. అంటే ఫైల్‌లో పైకీ కిందకీ జరిపితే బిల్డ్ మారిపోతుంది. ఎవరైనా "చూడ్డానికి నీట్‌గా ఉంటుంది" అని ఆ ఫైల్ సర్దారో, అయిపోయింది.

ఇక గ్రేడిల్ అనే బిల్డ్ టూల్. చేతులెత్తండి, గ్రేడిల్ ప్లగిన్ రాసినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మీ మొహాలు చూస్తే తెలుస్తోంది.

గ్రేడిల్‌లో ప్లగిన్ అంటే అప్లై అనే ఒక్క మెథడ్. దానికి ప్రాజెక్ట్ ఆబ్జెక్ట్ ఇస్తుంది. మొత్తం ప్రాజెక్ట్. పక్క ప్లగిన్ పెట్టిన టాస్కులు మార్చచ్చు, తీసేయచ్చు, పక్క సబ్‌ప్రాజెక్ట్‌లోకి వెళ్ళి అక్కడా మార్చచ్చు. ఇంటికొచ్చిన చుట్టానికి తాళాల గుత్తి మొత్తం ఇచ్చినట్టు. ఇచ్చిన మొదటి రోజుల్లో అందరికీ సంతోషమే, ఏం కావాలంటే అది చేసుకోవచ్చు కాబట్టి ప్లగిన్‌లు వెల్లువలా వచ్చాయి. ఆ టూల్ అంతగా పాకడానికి అదీ ఒక కారణమని నేను ఒప్పుకుంటాను.

తర్వాత ఏమైంది? వివరంగా చూద్దాం, ఇది ప్రతి టూల్‌లోనూ జరిగేదే. మీ ప్లగిన్ అప్లై అయినప్పుడు ప్రాజెక్ట్ వెర్షన్ చదువుతుంది. కానీ వెర్షన్ రాసిన లైన్ బిల్డ్ స్క్రిప్ట్‌లో కింద ఉంది. ఇంకా నడవలేదు. మీకు అసలు వెర్షన్ బదులు "అన్‌స్పెసిఫైడ్" అని వస్తుంది. దీనికి విరుగుడుగా ఆఫ్టర్ ఎవాల్యుయేట్ అని ఒకటుంది, స్క్రిప్ట్ అంతా నడిచాక నన్ను పిలువు అని. బాగుంది. కానీ పక్క ప్లగిన్ కూడా అదే వాడి, తన వంతు వచ్చినప్పుడు వెర్షన్ మారుస్తుంది. అది మీ తర్వాత నడిస్తే? మీరు చదివింది మళ్ళీ పాతదే. అప్పుడు ఎవరో ఆఫ్టర్ ఎవాల్యుయేట్ లోపల ఇంకో ఆఫ్టర్ ఎవాల్యుయేట్ పెడతారు. నవ్వుతున్నారు కానీ అలాంటి కోడ్ మీ రిపాజిటరీలోనే ఉంటుంది, వెళ్ళి వెతకండి. అందరూ ఆఖర్న మాట్లాడాలనుకుంటే ఆఖరు అనేది ఎక్కడుంటుంది?

గ్రేడిల్ వాళ్ళు దీనికి కనుక్కున్న జవాబు నాకు చాలా ఇష్టం. విలువ ఇవ్వకు, విలువ ఎక్కణ్ణుంచి వస్తుందో ఇవ్వు అన్నారు. ప్రాపర్టీ, ప్రొవైడర్ అని రెండు రకాలు తెచ్చారు. స్ట్రింగ్ బదులు స్ట్రింగ్ ప్రాపర్టీ. ఇప్పుడు మీరు దాన్ని చదవరు, మీ టాస్క్ ఇన్‌పుట్‌కి దాన్ని తగిలిస్తారు. ఎవరు ఎప్పుడు మార్చినా, నిజంగా పని మొదలయ్యే క్షణంలోనే లోపలి విలువ బయటికి వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఒక టాస్క్ ఔట్‌పుట్‌ని ఇంకో టాస్క్ ఇన్‌పుట్‌కి ఇలా తగిలిస్తే, ఏది ముందు నడవాలో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆ తీగలోనే వరుస ఉంది.

కానీ ఖర్చు చూడండి. టాస్కులని అవసరమైతేనే తయారుచేసే ఏపీఐ, అంటే ప్లగిన్‌లు పిలుచుకునే మెథడ్‌ల సెట్, గ్రేడిల్ 4.9లో వచ్చింది, అది 2018. బిల్డ్ స్క్రిప్ట్‌లు నడిపిన ఫలితాన్ని దాచుకునే కాన్ఫిగరేషన్ కాష్ స్థిరపడిందని ప్రకటించింది 8.1లో, అది 2023. ఆ కాష్ పెట్టే ముఖ్యమైన షరతేమిటి? టాస్క్ నడుస్తున్నప్పుడు ప్రాజెక్ట్ ఆబ్జెక్ట్‌ని ముట్టుకోకూడదు. మొదట్లో ఇచ్చిన తాళాలే ఇవి. వెనక్కి తీసుకోవడానికి ఏళ్ళు పట్టింది, ఎందుకంటే అప్పటికే ఎన్నో ప్లగిన్‌లు వాటిని వాడేస్తున్నాయి. అధికారం ఇవ్వడం ఒక కమిట్, వెనక్కి తీసుకోవడం కొన్ని మేజర్ వెర్షన్‌లు.

జావాస్క్రిప్ట్ వైపు వెళ్దాం. అక్కడ దశలకి బదులు హుక్‌లు, అంటే ఫలానా చోటికి రాగానే టూల్ ప్లగిన్‌ని పిలిచే కొక్కేలు. వెబ్‌ప్యాక్ అనే బిల్డ్ టూల్ ట్యాపబుల్ అనే చిన్న లైబ్రరీ మీద నిలబడింది, దాని సొంత పనులు కూడా చాలావరకు ప్లగిన్‌లే. రోలప్ అనే ఇంకో టూల్‌లో హుక్‌లు ఇంకా సులువు: రిజాల్వ్ ఐడీ (ఫైల్ ఎక్కడుందో కనుక్కోవడం), లోడ్ (దాన్ని చదవడం), ట్రాన్స్‌ఫార్మ్ (దాని కోడ్ మార్చడం). ఇవి మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి, ఫంక్షన్ ఇస్తే పిలుస్తుంది. కానీ మీరు తిరిగిచ్చే విలువకి అర్థం వేరు. రిజాల్వ్ ఐడీలో, లోడ్‌లో ఎవరైనా జవాబిస్తే అక్కడితో ఆగిపోతుంది, నల్, అంటే ఖాళీ జవాబు, ఇస్తే "ఇది నాది కాదు, పక్కవాణ్ణి అడుగు" అని. ట్రాన్స్‌ఫార్మ్‌లో అలా కాదు, నేనిచ్చిన కోడ్ పక్కవాడి చేతికి వెళ్తుంది, అతనిచ్చింది ఆ పక్కవాడికి. బిల్డ్ స్టార్ట్ లాంటి హుక్‌లో అందర్నీ ఒకేసారి పిలుస్తుంది, ఎవరు ముందన్న ప్రశ్నే లేదు.

మీరు హుక్ పెట్టే ముందు ఈ ప్రశ్నకి జవాబు రాసిపెట్టుకోవాలి. ఇద్దరు జవాబిస్తే ఏం చేస్తాను? మొదటివాడిదా, ఇద్దరిదీ కలపాలా, లేక ఎర్రర్ ఇవ్వాలా? ఇది రాయకుండా హుక్ బయటపెడితే, అప్పటికి కోడ్‌లో ఏం జరుగుతోందో అదే నియమం అయిపోతుంది.

వరుస గురించి ఒక్క మాట. జావాస్క్రిప్ట్ కోడ్‌ని మార్చే బేబెల్‌లో ప్లగిన్‌లు మొదటినుంచి చివరికి నడుస్తాయి, ప్రీసెట్‌లు, అంటే ప్లగిన్‌ల కట్టలు, చివరినుంచి మొదటికి. ప్లగిన్‌లు ప్రీసెట్‌ల కంటే ముందు. ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? వీట్ అనే టూల్‌లో ఎన్‌ఫోర్స్ అని పెట్టి ప్రీ, పోస్ట్ అనచ్చు, ఏమీ అనకపోతే మధ్యలో. మూడు గదులంతే. నాకిది నచ్చుతుంది, ఎందుకంటే నంబర్లు పెట్టలేదు. ప్రయారిటీకి నంబర్లు పెట్టకండి. ఒకరు 100 పెడతారు, ఇంకొకరు 1000 పెడతారు, మూడోవాడు 99999 పెట్టి "ఇది చివర ఉండాలి, ముట్టుకోవద్దు" అని కామెంట్ రాస్తాడు.

ఇప్పుడు ఈఎస్‌బిల్డ్, ఇంకో జావాస్క్రిప్ట్ బిల్డ్ టూల్. ఎవాన్ వాలస్ దీన్ని గో భాషలో రాశాడు. వేగమే దాని ప్రాణం. ప్లగిన్‌లు మాత్రం జావాస్క్రిప్ట్‌లో కూడా రాయచ్చు. అంటే ప్రతి ఫైల్‌కీ గో నుంచి జావాస్క్రిప్ట్‌కి వెళ్ళి, అక్కడ "ఇది నాది కాదు" అనిపించుకుని వెనక్కి రావాలి. వేల ఫైళ్ళుంటే ఆ రాకపోకల్లోనే వేగమంతా కరిగిపోతుంది. అందుకని ఆన్ రిజాల్వ్, ఆన్ లోడ్ అనే రెండు ముఖ్యమైన పిలుపులకీ ఒక ఫిల్టర్ తప్పనిసరి చేశాడు. ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఫైల్ పేరు ఎలా ఉండాలో చెప్పే నమూనా. ఇవ్వకపోతే కుదరదు. దాన్ని గో వైపే సరిచూస్తారు, సరిపోలితేనే అవతలికి పిలుపు. సింటాక్స్ ట్రీ, అంటే టూల్ కోడ్‌ని చదివి కట్టుకున్న లోపలి రూపం, అసలు ప్లగిన్ చేతికివ్వలేదు. చాలామంది అడిగారు, ఇవ్వలేదు.

ఇందులో గమనించాల్సింది వేగమొక్కటే కాదు. ఫిల్టర్ అంటే డేటా. ఫంక్షన్ అయితే లోపల ఏముందో టూల్‌కి తెలియదు, పిలిచి చూడాల్సిందే. డేటా అయితే ప్లగిన్‌ని లేపకుండానే దాని ఉద్దేశం తెలిసిపోతుంది. రస్ట్ భాషలో రాస్తున్న రోల్‌డౌన్ అనే టూల్‌లో కూడా హుక్‌లకి ఇలాంటి ఫిల్టర్లే ఇచ్చుకోవచ్చు, కారణం అదే.

నేమ్‌స్పేస్ సంగతి కూడా చూడండి. డిస్క్ మీద లేని ఫైల్‌ని, అంటే ప్లగిన్ పుట్టించిన ఫైల్‌ని, ఇతర ప్లగిన్‌లు ముట్టుకోకుండా ఉండాలంటే ఎలా? రోలప్‌లో ఒక ఆనవాయితీ ఉంది, పేరు ముందు నల్ క్యారెక్టర్ పెడితే మిగతావాళ్ళు దూరంగా ఉండాలి. మర్యాద మీద నడుస్తుంది. ఈఎస్‌బిల్డ్‌లో అదే పనికి నేమ్‌స్పేస్ అని వేరే ఫీల్డే ఉంది, టూల్‌కే తెలుసు. ఆనవాయితీ తెలిసినవాళ్ళు పాటిస్తారు, తెలియనివాళ్ళు పాటించరు. కుదిరితే టైపులోనే పెట్టేయండి.

అసలు ప్లగిన్ ఎక్కడ నడవాలి? మన ప్రాసెస్‌లోనా, బయటా? లోపల నడిపితే తేలిక, కానీ ప్లగిన్ ఒక లైబ్రరీ పాత వెర్షన్ తెచ్చుకుంటుంది, మనం కొత్తది వాడుతుంటాం, జావా లోకంలో ఆ క్లాస్‌లోడర్ గొడవలు తెలియనివాళ్ళెవరు! బయట నడిపే పద్ధతికి నేను చూపించే మంచి ఉదాహరణ ప్రోటోసీ, డేటా రూపాన్ని వర్ణించే ఫైళ్ళ నుంచి కోడ్ పుట్టించే ప్రోటోకాల్ బఫర్స్ కంపైలర్. దాని ప్లగిన్ ఒక మామూలు ప్రోగ్రామ్. ప్రోటోసీ ఫైళ్ళన్నీ తనే చదివి, అర్థం చేసుకుని, ఆ వివరమంతా ఒక మెసేజ్‌గా ప్లగిన్ స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పంపుతుంది. ప్లగిన్ ఇంకో మెసేజ్ వెనక్కిస్తుంది, అందులో ఫైల్ పేర్లు, వాటిలో ఉండాల్సిన టెక్స్ట్. డిస్క్ మీద రాసేది ప్రోటోసీ, ప్లగిన్ కాదు. చూశారా? ఏ భాషలోనైనా రాయచ్చు, టూల్ లోపలి క్లాసులతో దానికి పని లేదు, ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవడం. దాన్ని టెస్ట్ చేయడం ఎంత సులువో ఆలోచించండి, ఒక మెసేజ్ దాచుకుంటే చాలు.

రస్ట్ వాళ్ళ బిల్డ్ టూల్ కార్గోలో బిల్డ్ స్క్రిప్ట్ కూడా ఇలాంటిదే, తన మాటలు ప్రింట్ చేసి చెప్తుంది. "ఈ ఫైల్ మారితేనే నన్ను మళ్ళీ నడుపు" అని ఒక లైన్ ప్రింట్ చేయచ్చు. అలాంటిదేమీ చెప్పకపోతే? ప్యాకేజ్‌లో ఏ ఫైల్ మారినా మళ్ళీ నడుపుతుంది. ఈ డిఫాల్ట్ గమనించండి. చెప్పనివాడికి నెమ్మది శిక్ష, తప్పు ఫలితం కాదు. మీ టూల్‌లో కూడా నోరు విప్పని ప్లగిన్ నెమ్మదిగా నడవాలి, తప్పుగా నడవకూడదు.

భద్రత గురించి పొడుగ్గా చెప్పను, కానీ వదిలేయలేను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే లైబ్రరీలో ఎవరో దొంగ కోడ్ దాచిన సంగతి బయటపడింది. సర్వర్ లాగిన్ ఎందుకు నెమ్మదించిందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వుకుంటూ పోతే తేలింది. దొంగ కోడ్ లోపలికి వచ్చిన దారేది? బిల్డ్. విడుదల చేసిన టార్‌బాల్‌లో, అంటే సోర్స్ కోడ్ మూటలో, ఒక ఎం4 మాక్రో (బిల్డ్ స్క్రిప్ట్‌లో కలిసే ముక్క) ఉంది, గిట్‌లో అది లేదు. టెస్ట్ ఫైళ్ళ ముసుగులో దాచిన సరుకుని బిల్డ్ టైంలో విప్పింది. బిల్డ్‌లో నడిచే కోడ్ డెవలపర్ మెషీన్‌లో, సీఐలో (బిల్డ్‌లు వాటంతటవే నడిచే సర్వర్‌లో), పాస్‌వర్డ్‌ల లాంటి అన్ని రహస్యాల పక్కనే కూర్చుని ఉంటుంది. బేజెల్ రూల్స్ రాసే స్టార్‌లార్క్ భాషలో ఫైల్ తెరిచే వీల్లేదు, రికర్షన్, అంటే ఫంక్షన్ తనని తనే పిలుచుకోవడం, కూడా లేదు. కొత్తవాళ్ళకి చిరాకే. కానీ "నేను ఈ కమాండ్ నడపాలనుకుంటున్నాను, ఇవి ఇన్‌పుట్‌లు, ఇవి ఔట్‌పుట్‌లు" అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

ప్రశ్నలకి కొంచెం టైం ఉందంటున్నారు. ఆ, చెప్పండి.

వెనకవాళ్ళకి వినపడి ఉండదు, ప్రశ్న నేను చెప్తాను. "మేం ఇప్పటికే అంతా ఇచ్చేశాం, ప్లగిన్‌లకి లోపలి ఆబ్జెక్ట్‌లన్నీ అందుబాటులో ఉన్నాయి, ఇప్పుడేం చేయాలి?" అంటున్నారు.

ఒక్కసారిగా తలుపులు వేసేయకండి. వెబ్‌ప్యాక్ 4 లో, అంటే 2018లో, హుక్‌లు తగిలించే పద్ధతి మారింది. పాత పద్ధతి వార్నింగ్‌తో కొన్నాళ్ళు నడిచింది, వెబ్‌ప్యాక్ 5 లో తీసేశారు. ఆ క్రమం బాగుంది. మీరైతే ముందు ఏ ప్లగిన్ ఏది ముట్టుకుంటోందో రికార్డ్ చేయండి, ఏమీ ఆపకుండా. ఆ లిస్ట్ చూస్తే చాలామంది వాడేవి నాలుగైదే ఉంటాయని నా అంచనా. వాటికి సరైన దారి ముందు కట్టండి. కట్టాకే వార్నింగ్ పెట్టండి, కొత్త దారి పేరు అందులోనే రాయండి. మీ సొంత ప్లగిన్‌లని వేరే ప్యాకేజ్‌లోకి తోసి, బయటవాళ్ళకిచ్చే ఏపీఐ తప్ప ఇంకేదీ అందకుండా చేయండి. అప్పుడు ఆ ఏపీఐలో ఏం లోటుందో మీకే మొదట తెలుస్తుంది. చివర్లో స్ట్రిక్ట్ మోడ్, అంటే పాత దారి వాడితే ఎర్రర్, మొదట కావాలన్నవాళ్ళకి, తర్వాత అందరికీ. ఇంకోటి, వార్నింగ్‌లో ప్లగిన్ పేరు, దాని వెర్షన్ తప్పకుండా రావాలి, లేకపోతే ఆ బగ్‌లన్నీ మీ పేరు మీదే వచ్చిపడతాయి.

ఇంకా చేతులు లేచే ఉన్నాయి కానీ హాలు ఖాళీ చేయమంటున్నారు. మిగతావి బయట మాట్లాడుకుందాం.